రాజకీయం మాట్లాడే సోల్, జాజ్ ఆల్బమ్ దేనితో మొదలుపెట్టాలి అంటే

ఇంగ్లిష్ లిరిక్స్ అంతగా పట్టుబడవు, అయినా రాజకీయం ఉన్న సోల్, జాజ్ (నల్లజాతి అమెరికన్ల సంగీతం) వినాలనుంది, ఏదైనా ఒక్క ఆల్బమ్ చెప్పండి అన్నారు కదా. నేనైతే 'వింటర్ ఇన్ అమెరికా' అంటాను. గిల్ స్కాట్ హెరన్, బ్రయాన్ జాక్సన్ అని పెన్సిల్వేనియాలో లింకన్ యూనివర్సిటీలో కలిసిన ఇద్దరు కుర్రాళ్లు చేశారు, 1974లో వచ్చింది. గిల్ రాసి పాడతాడు, బ్రయాన్ ఎలక్ట్రిక్ పియానో, ఫ్లూట్ వాయిస్తాడు.

నేను మేరీలాండ్‌లో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు రూమ్మేట్ ఈ ఆల్బమ్‌లోని 'ద బాటిల్' పాట పెట్టాడు, ఆ బీట్‌కి డాన్స్ పాటే అనుకుని పప్పులో పోపు వేస్తూ ఊగిపోయేవాణ్ణి, నాలుగైదు సార్లు విన్నాక గానీ మాటలు చెవిన పడలేదు, మొదటి చరణంలోనే తండ్రి తాగుడికి భయపడి పరిగెత్తే పిల్లాడు ఉన్నాడు. స్టవ్ ఆపేసి అక్కడే కూర్చుండిపోయా. మాది నెల్లూరు జిల్లా, మా నాన్న బాగా తాగేవాడు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక మా ఊళ్లోనూ కదిలారు, నేను మూడో క్లాసు, మా అమ్మ చీపురు పట్టుకుని సారా కొట్టు మీదికి పోవడం కళ్లారా చూశాను. గిల్ కూడా వాషింగ్టన్ శివార్లలో తన ఇంటి దగ్గర మందు షాపు తెరవకముందే ఖాళీ సీసాలతో లైన్లో నిలబడేవాళ్లని రోజూ చూసి, వాళ్లతో మాట్లాడి రాశాడు ఆ పాట. అందుకే అందులో ఉపన్యాసం లేదు, మనుషులే ఉన్నారు.

ఆ పాటలో ఫ్లూట్ మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. రికార్డింగ్ 1973లో మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఒక చిన్న స్టూడియోలో జరిగింది, గది ఎంత ఇరుకంటే ఇద్దరిలో ఒకళ్లు బయట హాల్లోకి పోవాల్సొచ్చేదట, బ్రయాన్ అక్కడ వాటర్ కూలర్ పక్కన నిలబడి ఈ ఫ్లూట్ వాయించాడు.

'హెచ్2ఓ గేట్ బ్లూస్' మాత్రం చివరికి పెట్టుకోండి. ఎనిమిది నిమిషాలు, దాదాపు అంతా మాటలే, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పదవి పోగొట్టిన వాటర్‌గేట్ కుంభకోణం (హెచ్2ఓ అంటే వాటరే) కొంచెం చదువుకుని వింటే ఆ కోపం తెలుస్తుంది, నిక్సన్ ఇంకా కుర్చీలో ఉండగానే రికార్డ్ చేసి బయటికి తెచ్చేశారు, ఆయన రాజీనామా 1974 ఆగస్టులో గానీ జరగలేదు. ఇంకోటి, 'వింటర్ ఇన్ అమెరికా' అనే పాట 1974లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో లేదు, వెతుక్కోకండి, అది 1975లో వచ్చిన వాళ్ల ఇంకో ఆల్బమ్‌లో ఉంది.

'ద బాటిల్' అయ్యాక 'యువర్ డాడీ లవ్స్ యూ' పెట్టండి. మీ అమ్మకీ నాకూ గొడవలున్నాయి, అయినా నువ్వంటే నాకు ప్రాణం అని ఒక తండ్రి కూతురికి చెప్పుకునే పాట, లిరిక్స్ రాకపోయినా ఆ గొంతులోనే తెలిసిపోతుంది. అది విన్న రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. అప్పటికి నాన్న తాగుడు మానేసి ఆరేళ్లు. పాట సంగతేమీ ఎత్తలేదు, తిన్నావా నాన్నా అని అడిగి, ఆయన చెప్పే వానల సంగతులు వింటూ చాలాసేపు లైన్లోనే ఉన్నా.