రాజకీయాలు వద్దంటే రొయ్య ధర గురించి ఎక్కడ మాట్లాడుకోవాలి?

"సామాన్యులు ఫోనుల్లో దేశ రాజకీయాలు, ప్రపంచ విషయాలు గంటల తరబడి వాదించుకుంటున్నారు. దీనివల్ల ఎవరికైనా ఒరిగేది ఉందా?" అని, అలాంటి గ్రూపు నుంచి బయటికి వచ్చేయాలా అని ఒకరు అడిగారు. ఉంది. మాకు ఒరిగింది. ఈ ప్రశ్న వేసేవారిలో ఎక్కువమంది నెల జీతం మీద బతికేవారని నా గట్టి నమ్మకం. వాషింగ్టన్‌లో ఒకాయన సంతకం పెడితే ఆ వారంలోనే ఇంట్లో అప్పుల లెక్క మళ్లీ వేసుకోవలసిన అవసరం వారికి రాలేదు. మాకు వచ్చింది.

మాది ఆకివీడు దగ్గర పల్లె. ఒకప్పుడు వరి చేలు, ఇప్పుడు ఊరి చుట్టూ రొయ్యల చెరువులు. మా కాలువ కింద రైతులందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఏ కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు) ఎంత ధరో పొద్దున్నే అందులో పడుతుంది. ఎవరి చెరువులో వైట్ స్పాట్ తెగులు కనిపించింది, ఏ లైనులో కరెంటు ఎప్పుడు తీస్తారు, అన్నీ అక్కడే తెలుస్తాయి. రాజకీయాలు మాత్రం మాట్లాడకూడదని అడ్మిన్ గారి నియమం.

2025 ఏప్రిల్ 2న ట్రంప్ మన దేశపు సరుకుల మీద 26 శాతం సుంకం ప్రకటించారు. ఆ వారంలోనే మా గ్రూపులో ధరల పట్టిక తలకిందులైంది. 30 కౌంటు తగ్గింది, 50 కౌంటు తగ్గింది. అంతవరకు ఊహించాం. కిందికి చూస్తే, కిలోకు వంద తూగే చిన్న రొయ్య ధర కూడా తగ్గింది. నా చెరువులో ఉన్నది సరిగ్గా అదే సైజు. పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మడానికి, వల మనుషులకు చెప్పేశాను, ఐసుకు చెప్పేశాను. మేత కొట్టులో బాకీ అలాగే ఉంది, లీజు కట్టాల్సిన గడువు దగ్గరపడింది. ఆ రాత్రి గట్టు మీది షెడ్డులో నిద్ర పట్టక లేచి, టార్చి వేసుకుని, మేత తింటున్నాయో లేదో చూసుకునే చెక్ ట్రే పైకి లాగాను. వేసిన మేత ఒక్క గింజ మిగల్లేదు. రొయ్యలు ట్రేలో ఎగిరెగిరి పడుతున్నాయి. పెంకు గట్టిగా ఉంది, ఒంటి మీద మచ్చ లేదు, పేగు నిండుగా నల్లగా కనిపిస్తోంది. వంక పెట్టడానికి వీల్లేని సరుకు. అంతకుముందు వారం ఒక ధర పలికిన రొయ్యకు ఇప్పుడు ఇంత తక్కువ ఎందుకో నాకు అర్థం కాలేదు.

అప్పుడే గ్రూపులో ఒక ప్రశ్న పడింది. అడిగింది మా పక్క చెరువు కుర్రవాడు, డిగ్రీ అయ్యాక కౌలుకు తీసుకుని సాగు చేస్తున్నాడు. "బాబాయ్ గారూ, అమెరికా వాళ్లు కొనేది ఎక్కువగా పెద్ద రొయ్య కదా. 100 కౌంటు చాలావరకు చైనాకు, వేరే దేశాలకు వెళ్తుంది. సుంకం వేసింది అమెరికా. మరి మన చిన్న రొయ్య ధర ఎందుకు తగ్గాలి?"

అడ్మిన్ గారు వెంటనే ఆ సందేశం తీసేశారు. "ఇది రైతుల గ్రూపు. ట్రంపులూ మోదీలూ ఇక్కడ వద్దు" అని రాశారు. నాకు కోపం ఆగలేదు. తీసేసిన ప్రశ్ననే మళ్లీ నా పేరుతో పెట్టాను. ఇక రాత్రంతా వాదనే. మోదీ గారు ముందే గట్టిగా మాట్లాడి ఉండాల్సిందని కొందరు, ట్రంప్ బెదిరింపులకు తలవంచకూడదని కొందరు, అసలు కంపెనీలే సాకు వెతుక్కున్నాయని కొందరు. పార్టీల పేర్లతో కాసేపు తిట్లూ పడ్డాయి. ఆ మధ్యలో, ఉద్యోగ విరమణ చేసి చెరువు చూసుకుంటున్న మాస్టారు ఒకరు, "సుంకం అమలయ్యేది ఏ తేదీ నుంచి?" అని అడిగారు. ఎవరో వెతికి 9వ తేదీ అని చెప్పారు. ఇంకా మొదలే కాని సుంకానికి మా ధర అప్పుడే పడిపోయిందన్నమాట. తెల్లవారేసరికి మా చేతిలో గట్టి ప్రశ్నలు రెండు ఉన్నాయి. పొద్దున్నే కొనుగోలు ఏజెంటు దగ్గరికి వెళ్లి అవే అడిగాం. "పైనుంచి వచ్చిన ధరండీ" అన్నాడే తప్ప మరో మాట లేదు. సమాధానం లేదని తేలాక నేను పట్టుబడి ఆపుకున్నాను. అదే నాకు మేలు చేసింది.

ఆ రోజుల్లోనే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్‌కు లేఖ రాశారు, రాష్ట్ర ప్రభుత్వం ఎగుమతిదారులను పిలిపించి మాట్లాడింది. భీమవరం చుట్టుపక్కల గట్ల మీద, ఫోనుల్లో ఈ ప్రశ్న లేవకపోయి ఉంటే ఆ లేఖ కదిలేది కాదని నేను గట్టిగా చెబుతాను. 9వ తేదీ వచ్చేసరికి అమెరికాయే ఆ 26 శాతాన్ని తొంభై రోజులు ఆపింది, పది శాతమే మిగిలింది. మరి సుంకం పేరు చెప్పి తగ్గించిన ధర ఆ రోజే మళ్లీ పెరగాలి కదా? పెరగలేదు. పడిపోవడానికి ఒక్క పూట చాలింది, లేవడానికి మాత్రం మమ్మల్ని ఎదురుచూపులతో చంపింది. ఈ అన్యాయం మీద ఇప్పటికీ ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు.

2025 ఆగస్టులో మళ్లీ మొదలైంది. 7వ తేదీ నుంచి 25 శాతం. రష్యా దగ్గర చమురు కొంటున్నామన్న కారణంతో 27వ తేదీ నుంచి మరో 25. మొత్తం 50 అయింది. మనతో పోటీ పడే ఈక్వడార్ రొయ్యకు అప్పట్లో 15 శాతమే. అంతకుముందు ఉక్రెయిన్ యుద్ధం గురించి ఎవరైనా రాస్తే "మనకెందుకయ్యా" అన్నవారే, రష్యా చమురు వల్ల దేశానికి ఎంత మిగులుతోంది, ఆ మిగిలింది ఎవరి జేబులోకి వెళ్తోంది, దాని బరువు ఎవరి మీద పడుతోంది అని అడగడం మొదలుపెట్టారు. టీవీలో నలుగురిని నాలుగు గళ్లలో కూర్చోబెట్టి అరిపించే చర్చల్లో ఈ ప్రశ్న ఎన్నడూ వినలేదు నేను. ఆ చర్చలు చూడడం మానేసి చాలా కాలమైంది.

రొయ్య ఒక్కటే కాదు. 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. తీసేసింది 2024 సెప్టెంబరులో. మధ్యలో వరి రైతు ఎవరిని అడగాలి? మెట్టలో చింతలపూడి వైపు మా బావకు పామాయిల్ తోట ఉంది. 2025 మే నెలాఖరున ముడి పామాయిల్ దిగుమతి సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించినప్పుడు, హైదరాబాదులో ఉన్న మా చెల్లెలు నూనె చౌక అవుతుందని సంతోషించింది. అదే కుటుంబ గ్రూపులో బావ, గెలల ధర ఏమవుతుందోనని బెంగపడ్డాడు. ఇద్దరూ రెండు రోజులు వాదించుకున్నారు. పెద్దలు "ఇంట్లో రాజకీయాలు ఎందుకు" అని ఆపబోయారు. నేను ఆపనివ్వలేదు. తోట పెంచే మనిషి ఖర్చు ఏమిటో మా చెల్లెలికి అంతకుముందు ఎవరు చెప్పారు?

మరి ఇలాంటి మాటలు గొడవలకు దారితీసిన అమలాపురం సంగతి ఏమిటని మీరు అడగవచ్చు. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద గొడవ మంటల దాకా వెళ్లింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. ఆ తర్వాత కోనసీమలో చాలా రోజులు ఇంటర్నెట్ ఆపేశారు. అక్కడ ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునే మా మేనత్త కొడుకు, సిగ్నల్ కోసం లాప్‌టాప్ పట్టుకుని గోదావరి దాటవలసి వచ్చింది. నా దృష్టిలో దానికి కారణం చర్చ కాదు, చర్చ లేకపోవడం. ఒకే మాట మీద ఉన్నవారంతా ఒకచోట చేరి, ఎదురు అడిగే మనిషి లేకుండా ఫార్వర్డులు పంచుకుంటే జరిగేది అదే. ఆ గ్రూపుల్లో మా మాస్టారి లాంటి మనిషి ఒక్కరుంటే "ఇది ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు" అని అడిగేవారు.

విదేశాల్లో ఉన్న మన బంధువుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో మేము కుటుంబ గ్రూపులో సుంకాల గురించి తల పట్టుకుంటే, అమెరికాలో ఉంటున్న ఒక దగ్గరి బంధువు "మీకు అర్థం కాని విషయాలు వదిలేయండి" అని సలహా ఇచ్చాడు. ఆ ఏడాది సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి (అమెరికా ఉద్యోగ వీసా) దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అన్నప్పుడు అదే గ్రూపులో పేజీలకు పేజీలు రాశాడు. రాయడం తప్పు కాదు, బాధ కలిగితే రాయాల్సిందే. మా బాధను కూడా అలాగే చదవాలని ఆయనకు చెప్పాను. గల్ఫ్‌లో ఇంటి పనికి వెళ్లిన మా వైపు ఆడవాళ్లకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు ఖతార్‌లోని అమెరికా స్థావరం మీదకు వచ్చిన రాత్రి, మా వాళ్లు గ్రూపులో ఇజ్రాయెల్ పక్షమా, ఇరాన్ పక్షమా అని కొట్టుకుంటుంటే, దోహాలో పని చేస్తున్న మా ఊరి పిన్ని వాయిస్ మెసేజ్ పెట్టింది. "గొడవ తర్వాత పడండి గానీ, విమానాలు ఆపేశారంటున్నారు, ఎప్పుడు వదులుతారో ఎవరైనా చూసి చెప్పండి" అంది. పక్షాల గొడవ పక్కన పెట్టి అందరూ ఆ పని మీద పడ్డారు.

మొదట ప్రశ్న అడిగినవారికి చెబుతున్నాను, మీది ఏ గ్రూపో మీరు రాయలేదు. సాగుతోనో, కూలితోనో, విదేశాల్లో ఉన్న పిల్లలతోనో ముడిపడిన గ్రూపు అయితే దయచేసి బయటికి రాకండి. రాజకీయాలు వద్దనే నియమం ఉంటే అడ్మిన్‌ను అందరి ముందే అడగండి: మా ధర ఢిల్లీలోనో వాషింగ్టన్‌లోనో తేలుతున్నప్పుడు, దాని గురించి మేము ఎక్కడ మాట్లాడుకోవాలి?