వాడు మేలుకొని ఉండగానే చెప్పి వెళ్లు

మల్కాజిగిరి, హైదరాబాద్

బిడ్డా,

నిన్న రాత్రి మా తమ్ముడు, అదే మీ నాన్న, ఫోన్ చేసి రెండు సంగతులు చెప్పాడు. నీకు టీమ్ లీడ్‌గా ప్రమోషన్ వచ్చిందనీ, వచ్చే నెల ఆ కొత్త డ్యూటీలో చేరుతున్నావనీ మొదటిది. మొదటి పుట్టినరోజు కాగానే బాబును సూర్యాపేటలో మీ అమ్మ దగ్గర ఉంచి, వాడు నిద్రపోయాక మీరిద్దరూ కారెక్కి వచ్చేస్తారని రెండోది. మొదటి మాటకు పొద్దున్నే స్వీట్లు తెప్పించి మా అపార్ట్‌మెంట్‌లో పంచాను. మన ఇంటి ఆడపిల్ల ఇరవై మందికి పని చెప్పే కుర్చీలో కూర్చుంటుందంటే నాకెంత గర్వమో నీకు తెలియదు. రెండో మాటకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే అత్తమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఉద్యోగం మానెయ్యమని నేను చెప్పను. మీ బావను మా అత్తగారి చేతిలో పెట్టి నైట్ డ్యూటీలకు వెళ్లినదాన్ని నేను. పిల్లల వార్డులో నర్సుగా పనిచేసిన ఆ ఏళ్లన్నీ నాకు ఇష్టమైనవే. తల్లి పనికి వెళ్తే పిల్లలు పాడైపోతారని నీకు ఎవరైనా చెబితే నమ్మకు. అమెరికాలో 1991లో మొదలుపెట్టి 1,364 కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించారు. బిడ్డను వేరేవాళ్లు చూసుకున్నంత మాత్రాన తల్లితో బంధం దెబ్బతినదని 1997లో తేల్చి చెప్పారు. చూసుకునే చోటు నాసిరకంగా ఉండి, ఇంట్లో తల్లి కూడా బిడ్డ అవసరం కనిపెట్టలేకపోతే అప్పుడు కష్టమన్నారు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి వాడిని ఎత్తుకునే తల్లివి నువ్వు. ఆ పని ఆగదు కదా.

నా భయం ఉద్యోగం గురించి కాదు. మూడు గంటల దూరం గురించి, ఆ నిద్రలో వెళ్లిపోవడం గురించి.

వాడికిప్పుడు పదకొండు నెలలు. ఎనిమిదో నెల దాటాక పిల్లలకు ఎవరు తనవాళ్లో, ఎవరు కాదో తెలిసిపోతుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య ఆ ధ్యాస చాలా ఎక్కువగా ఉంటుంది. నువ్వు బాత్రూమ్‌లోకి వెళ్తే తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తున్నాడని విసుక్కున్నావు కదా, అది మొండితనం కాదు. మేరీ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకురాలు 1954, 55లలో ఉగాండా పల్లెల్లో ఇరవై ఆరు కుటుంబాల ఇళ్లకు వెళ్లి కూర్చుని పసిపిల్లలను గమనించింది. తల్లి దగ్గర ధైర్యం ఉన్న పిల్లలు కాస్త దూరం పాక్కుంటూ వెళ్లి, వెనక్కి తిరిగి తల్లిని చూసుకుని, మళ్లీ ఆటలో పడతారని ఆమె రాసింది. మన ఇంటి హాల్లో మీ బాబు రోజూ చేసేది అదే. వెనక్కి తిరిగి చూసినప్పుడు నువ్వక్కడ ఉంటావన్న నమ్మకం మీదే వాడు ఆ నాలుగడుగులు వేస్తున్నాడు.

ఇప్పుడు మీ నాన్న సంగతి చెప్తాను. ఈ ఉత్తరంలో అసలు విషయం ఇదే. రాయనా అని వాడినే అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "రాయక్కా, దానికి తెలియాలి" అన్నాడు.

1963లో మా అమ్మకు టీబీ అని తేలింది. అప్పట్లో ఆ వైద్యమంటే నెలల తరబడి ఆసుపత్రిలో సూదులు. పిల్లలను దగ్గరకు రానిచ్చేవాళ్లు కాదు. నాకు పదకొండేళ్లు, బడి ఉందని నన్ను నాయన దగ్గర ఉంచుకున్నారు. మీ నాన్నకు రెండేళ్లు. నల్గొండ దగ్గర మా పెద్దమ్మ వాళ్ల ఊరికి వాడిని పంపాలనుకున్నారు. పంపడంలో తప్పేమీ లేదు. ఇంకో దారి లేదు, పెద్దమ్మ బంగారం లాంటి మనిషి. పంపిన తీరు తప్పు. ఏడుస్తాడని, అమ్మ మనసు కష్టపడుతుందని, వాడు నిద్రపోయేదాకా ఆగి, పెద్దనాన్న భుజాన వేసుకుని గౌలిగూడ బస్‌స్టాండుకు తీసుకెళ్లాడు. తెల్లవారుజాము మొదటి బస్సు. వాడి కాలి గొలుసు చప్పుడు చేస్తుందని ముందే తీసి నా చేతికిచ్చారు.

వాడు లేచేసరికి ఊరు వేరు, ఇల్లు వేరు, మనుషులు వేరు. పెద్దమ్మ నాకు పెద్దయ్యాక చెప్పింది. మంచాల కింద వెతికాడట. వడ్ల గదిలో వెతికాడట. బస్సు వచ్చే వేళకు గడప మీద కూర్చునేవాడట. కొన్నాళ్లకు వెతకడం మానేశాడు. పెట్టింది తిన్నాడు, చెప్పిన చోట పడుకున్నాడు. "ఎంత బుద్ధిమంతుడు, అస్సలు ఏడవడు" అని ఊరంతా మెచ్చుకున్నారు.

వాడు మెల్లగా పెద్దమ్మకు అలవాటు పడ్డాడు. ఆమెనే అమ్మా అన్నాడు. రెండేళ్లకు మా అమ్మకు నయమైంది. నాయన వెళ్లి వాడిని తీసుకొచ్చాడు. ఎలా అనుకున్నావు? మళ్లీ నిద్రలోనే. పెద్దమ్మను వదిలి రావడం వాడికి రెండో కోత అవుతుందని ఎవరికీ తోచలేదు, సొంత ఇంటికే కదా వస్తున్నాడని అనుకున్నారు. పొద్దున లేచాక అమ్మ చేతులు చాచుకుని ఎదురు వస్తే వాడు తలుపు వెనక్కి వెళ్లి నన్ను అడిగాడు, "ఈమె ఎవరు?" అని. అప్పుడు కూడా ఏడవలేదు. ఆ మధ్యాహ్నం అమ్మ వంటింట్లో కూర్చుని ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నర్సింగ్ చదువుకునేటప్పుడు ఒక పాఠంలో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడి పేరు విన్నాను. ఆయన 1952లో లండన్ ఆసుపత్రిలో ఎనిమిది రోజులున్న రెండేళ్ల పాపను సినిమా తీశాడు. తల్లి నుంచి విడిపోయిన పసిపిల్లలు మొదట గోల చేస్తారని, తర్వాత దిగులుపడి మూల కూర్చుంటారని, ఆ తర్వాత ఏమీ పట్టనట్టు మామూలుగా తిరుగుతారని చెప్పాడు. డాక్టర్లు ఆ మూడో దశను చూసి "సర్దుకుంది" అనుకునేవారు. అక్కడి ఆసుపత్రుల్లో తల్లులను వారానికి ఏ కాసేపో రానిచ్చే రోజులవి. ఎప్పుడైనా వచ్చి చూడనివ్వాలని 1959లో అక్కడి ప్రభుత్వ కమిటీ సిఫారసు చేసింది. మన దగ్గర నేను పనిచేసిన వార్డులో తల్లులు మంచం పక్కనే చాప పరుచుకుని పడుకునేవారు. ఇరుకని మేము కసురుకునేవాళ్లం. ఆ తల్లులు అక్కడుండడం పిల్లలకు సగం మందు.

ఏడవని పిల్లల గురించి ఇంకో మాట. తల్లి గదిలోంచి వెళ్లిపోయినా పట్టించుకోనట్టు బొమ్మలతో ఆడుకునే పిల్లల గుండె వేగాన్ని 1977లో కొలిచి చూశారు. లోపల గుండె గబగబా కొట్టుకుంటోంది. మీ నాన్నను బుద్ధిమంతుడన్న వాళ్లెవరూ వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడలేదు.

నువ్వు ఎం.ఎస్.కి వెళ్లినరోజు శంషాబాద్ దాకా అందరం వచ్చాం, మీ నాన్న మాత్రం ఏదో పనుందని ఇంట్లో ఉండిపోయాడు. నువ్వు చాలా బాధపడ్డావు. ఇంట్లో ఎవరైనా ఊరెళ్తుంటే వాడు గుమ్మం దగ్గర నిలబడలేడు. మూడేళ్ల కింద ఛాతీలో నొప్పి వస్తే ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి ఒక్కడే ఆసుపత్రికి వెళ్లి, స్టెంట్ వేశాక మీ అమ్మకు ఫోన్ చేయించాడు. మగవాళ్లంతే అని మీరందరూ నవ్వేశారు. నేను నవ్వలేకపోయాను. అడిగితే ఎవరూ రారని రెండేళ్లప్పుడే నేర్చుకున్నవాడు అరవై దాటాక ఎలా అడుగుతాడు? అంతా దానివల్లే అని నేననను. మనిషి బతుకులో వంద కారణాలుంటాయి. కానీ హార్వర్డ్ వాళ్లు 1938 నుంచి కొందరు మగవాళ్ల జీవితాలను ముసలితనం దాకా వెంబడించారు. చిన్నప్పుడు ఇంట్లో ఆప్యాయత దొరికినవాళ్లు వయసు మళ్లాక కూడా భార్య మీద నిబ్బరంగా ఆధారపడగలుగుతున్నారని 2016లో ప్రకటించారు. అరవై ఏళ్ల దూరంలో కూడా ఆ జాడ కనిపించింది.

ఇది చదివి కంగారుపడకు. మీ నాన్న కథ అక్కడితో ఆగలేదు. మీ అమ్మ కూరగాయలకు వెళ్లినా "గంటలో వస్తా" అని చెప్పి వెళ్తుంది, ఆలస్యమైతే ఫోన్ చేస్తుంది. పెళ్లైనప్పటి నుంచీ అంతే. మొదట్లో వాడు "చెప్పకపోతే ఏం?" అని చిరాకు పడేవాడు. ఇప్పుడు ఆ గంట దాటితే గేటు దగ్గర నిలబడతాడు. నాకది చూస్తే ఎంత సంతోషమో! చిన్నతనం కష్టంగా గడిచినా, దాన్ని దాచకుండా, అతిగా చెప్పకుండా ఉన్నదున్నట్టు చెప్పుకోగలిగినవాళ్లు తమ పిల్లలకు మంచి ఆసరా కాగలరని మేరీ మెయిన్ అనే పరిశోధకురాలు 1980లలో చూపించింది. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ అనే ఇంకో పరిశోధకురాలు పెద్దయ్యేదాకా గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవల మధ్య పెరిగినవాళ్లలో కూడా మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లలో చాలామందికి తల్లిదండ్రులు కాకపోయినా అమ్మమ్మో, తాతో, నమ్మదగిన ఒక పెద్దమనిషి ఉన్నారు. మన పిల్లలు ఎప్పుడూ నాలుగు చేతుల్లో పెరిగినవాళ్లే, అది మంచిదే. ఆ నాలుగు చేతులూ నెలనెలా మారిపోకూడదు, అంతే.

నా మాట వింటావా? బాబును సూర్యాపేట పంపే బదులు మీ అమ్మానాన్నలను కొండాపూర్ రమ్మను. మీ అమ్మకు ఇక్కడి ఫ్లాట్‌లో ఊపిరాడదని తెలుసు. మూడు నెలలు తను, తర్వాత కొన్నాళ్లు మీ అత్తగారు. మధ్యలో నేనున్నాను, మోకాళ్లు నొప్పి పెడతాయి కానీ ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి మోకాళ్లు చాలు. అది కుదరకపోతే మీ కంపెనీలో క్రెష్ గురించి, అదే పనివేళల్లో పసిపిల్లలను చూసుకునే చోటు గురించి అడుగు. 2017లో ప్రసూతి చట్టం మార్చినప్పుడు ఇరవై ఆరు వారాల సెలవుతో పాటు ఇది కూడా పెట్టారు. యాభై మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ క్రెష్ వసతి ఇవ్వాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. హెచ్.ఆర్. వాళ్లు చెప్పలేదంటే లేదని కాదు. మొహమాటపడకు, అడుగు.

క్రెష్‌లో గోడల మీద బొమ్మలు, ఏసీ, సీసీ కెమెరాలు చూసి మోసపోకు. ఒక్కో ఆయా చేతిలో ఎంతమంది పసివాళ్లున్నారో చూడు. ఆయాలు ఎన్నాళ్లుగా ఉంటున్నారో అడుగు. ఏడ్చే బిడ్డను ఎత్తుకుంటున్నారా, ఏడ్చి ఏడ్చి ఊరుకుంటుందిలే అని వదిలేస్తున్నారా, అది మాత్రం కళ్లారా చూడాలి. వాడిని అక్కడ వదిలే మొదటి వారం నువ్వో, అల్లుడో కూర్చోండి. మొదట గంట, తర్వాత పూట, ఆ తర్వాత రోజు. వాసన తెలిసిన నీ పాత చీర ముక్క ఒకటి వాడి దగ్గర ఉంచు.

ఏమైనా కానీ, రోజూ వెళ్లేముందు వాడు మేలుకొని ఉండగా, మొహంలో మొహం పెట్టి "అమ్మ ఆఫీసుకు వెళ్తోంది, సాయంత్రం వస్తుంది" అని చెప్పు. మాటలు అర్థం కాకపోయినా నీ గొంతు అర్థమవుతుంది. ఏడుస్తాడు. ఏడవనీ. ఆ ఏడుపు నీ మీద నమ్మకం. చెప్పిన వేళకు తిరిగిరా, అంతకంటే వేరే మందు లేదు. చాక్లెట్ తెస్తానని అబద్ధం చెప్పి సందులోంచి జారుకోవద్దు. అల్లుడికి కూడా ఇది గట్టిగా చెప్పు, ఆయనకు జారుకునే అలవాటుందని విన్నాను.

ఒకవేళ సూర్యాపేటే అని మీరు తేల్చుకుంటే, ముందు పదిరోజులు నువ్వక్కడ వాడితో ఉండు. వారంవారం వస్తానంటే వారంవారం రావాలి, ట్రాఫిక్ అని శనివారం ఎగ్గొట్టకూడదు. వీడియో కాల్ రోజూ ఒకే వేళకు చెయ్యి, కానీ దాన్నే తల్లి అనుకోవద్దు. తిరిగి తెచ్చుకునేటప్పుడు అమ్మమ్మ కూడా వెంట వచ్చి కొన్నాళ్లు ఉండాలి. ఈ ఒక్కటి మర్చిపోతే మిగతావన్నీ చేసినా లాభం లేదు.

రాత్రి పన్నెండు దాకా ల్యాప్‌టాప్ ముందుంటావనీ, ఒక్కోసారి వాడి మీద అరిచి తర్వాత ఏడుస్తావనీ మీ అమ్మ చెప్పింది. పిచ్చిదానా, అరవని తల్లి ఎక్కడుంది? బాగున్న తల్లీబిడ్డలు కూడా ఒకరికొకరు సరిగ్గా అందేది మూడో వంతు సమయమేనని ఎడ్ ట్రోనిక్ అనే ఆయన వీడియోలు తీసి నిమిషం నిమిషం చూసి చెప్పాడు. మిగతా వేళంతా తప్పిపోవడం, మళ్లీ కలుపుకోవడం. అరిచావా, ఎత్తుకో. అంతే. దానికోసం టెన్షన్ పడి తిండి మానెయ్యకు.

శుక్రవారం పొద్దున మెట్టుగూడలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగుతాను. అల్లుడిని స్టేషన్ దగ్గరకు పంపు. నువ్వు ఆరోజు సెలవు పెట్టుకుని క్రెష్‌లు ఏవేవి చూడాలో రాసి ఉంచు, బాబును కూడా తీసుకెళ్దాం. ఒక్కోచోట గంట కూర్చుంటాను, నన్ను తొందరపెట్టకు. మీ నాన్న కూడా ఆరోజుకు వస్తానన్నాడు.

నీ మేనత్త