ఆయిల్ కూలర్ తీసేసి బండి నడపొచ్చా? నేను నాలుగు నెలలు నడిపాను

మీది 2012 మోడల్ టర్బో డీజిల్ కారు. కూలెంట్ డబ్బాలో కాఫీ రంగు జిడ్డు తేలుతోంది. కొత్త ఆయిల్ కూలర్‌కు (ఇంజన్ ఆయిల్‌ను కూలెంట్ నీళ్ళతో చల్లబరిచే ముక్క) ఎనిమిది వేలు అవుతుంది, తీసేసి బైపాస్ చేస్తే వెయ్యి లోపల పోతుంది అని మెకానిక్ అన్నాడు. మిర్యాలగూడ ఎండల్లో, హైవే మీద అట్లా నడుస్తుందా అని మీ ప్రశ్న. నడుస్తుందన్నా. నల్లగొండలో నేను అదే పని చేయించి నాలుగు నెలలు నడిపాను. ఆ తర్వాత డబ్బులు పెట్టి మళ్ళీ కూలర్ బిగించుకున్నాను.

తీయడం సంగతి తర్వాత, ముందు పోయింది కూలరేనా అన్నది తేల్చుకోండి. కూలెంట్‌లో ఆయిల్ కనబడగానే ఒక షెడ్డులో "హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్ దింపాలె" అంటారు (ఇంజన్ బ్లాకుకూ పైన హెడ్‌కూ మధ్య ఉండే పలక అది), పక్క షెడ్డులో "కూలర్ పోయింది, పీకేద్దాం" అంటారు. రెండు చోట్లా చూసేది ఆ జిడ్డునే. పొద్దున చల్లటి ఇంజన్ మీద డబ్బా మూత తీసి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగకుండా వస్తున్నాయా? మూత పెట్టాక ఒకటి రెండు నిమిషాల్లోనే రేడియేటర్ పై పైపు రాయిలా బిగుస్తోందా? అట్లయితే అనుమానం హెడ్ గాస్కెట్ మీదికి పోతుంది. బుడగలు లేవు, బండి వేడెక్కట్లేదు, పొగ మామూలుగానే ఉంది, జిడ్డు మాత్రం పెరుగుతోంది అంటే ఎక్కువగా కూలరే. వేడి ఇంజన్ మీద మాత్రం మూత ముట్టుకోకండి.

ఇంకొకటి కూడా చూడాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ మూడు నాలుగు బార్లు ఉంటే కూలెంట్ ప్రెషర్ ఒక బార్ చుట్టుపక్కల ఉంటుంది. అందుకే ఆయిలే నీళ్ళలోకి దూరుతుంది. బండి ఆపగానే ఆయిల్ ప్రెషర్ సున్నా. వేడి మీదున్న నీళ్ళకు మాత్రం ఇంకా కాసేపు ఒత్తిడి ఉంటుంది, అప్పుడు అదే పగులు గుండా నీళ్ళు ఆయిల్లోకి దిగుతాయి. రాత్రంతా ఆగిన బండికి పొద్దున స్టార్ట్ చేయకముందే చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) డ్రెయిన్ నట్ నెమ్మదిగా వదులు చేయండి. ముందు నీళ్ళ చుక్కలు పడితే ఆ బండిని ఇక స్టార్ట్ చేయొద్దు, మిర్యాలగూడ నుంచి నల్లగొండ దాకా కూడా తేవద్దు. బేరింగులు పోతే ఎనిమిది వేల లెక్క ఎనభై వేలకు పోతుంది.

నా కూలర్‌ను విప్పాక పంక్చర్ షాపుకు తీసుకుపోయాం. నీళ్ళు పోయే రెండు ముక్కుల్లో ఒకటి మూసి, రెండో దానికి పైపు పెట్టి 35 పీఎస్ఐ గాలి ఎక్కించి తొట్టిలో ముంచాం. ఏమీ రాలేదు. మా మెకానిక్‌ను అందరం ఉస్తాద్ అంటాం, ఆయన పక్క టీ కొట్టు నుంచి మరిగే నీళ్ళు తెప్పించి బకెట్లో పోయించాడు. అందులో ముంచితే ప్లేట్ల మధ్య నుంచి సన్నగా బుడగల వరుస వచ్చింది. వేడికి తెరుచుకునే పగులు అది. చల్లటి నీళ్ళలో చూసి బాగుందని మళ్ళీ బిగించేవాళ్ళు ఉన్నారు, జాగ్రత్త.

అది పోవడానికి కారణం నేనే. రెండేళ్ళ పాటు కూలెంట్ తగ్గినప్పుడల్లా మోటర్ నీళ్ళు పోశాను. మన దిక్కు ఉప్పు నీళ్ళ సంగతి తెలిసిందే కదా, హీటర్ రాడ్ మీద తెల్లగా ఎట్లా పేరుకుంటుందో కూలర్ లోపల సన్నటి దారుల్లో అట్లనే పేరుకుంది. ఇప్పుడు కూలెంట్‌లో కలపడానికి బ్యాటరీ నీళ్ళు (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) తప్ప వేరే నీళ్ళు పోయను.

ఇక తీసే పని. నాది ఇంజన్ బ్లాకుకూ ఆయిల్ ఫిల్టర్‌కూ మధ్య గుండ్రటి బిళ్ళలా ఉండే రకం. ఫిల్టర్ విప్పితే మధ్యలో లోపల బోలుగా ఉండే పొడుగు బోల్టు కనబడుతుంది, అది విప్పితే కూలర్ చేతికొస్తుంది. తీయడం అరగంట పని. కష్టమంతా ఆ తర్వాతే. కూలర్ మందం పోయింది కాబట్టి పాత బోల్టు ఎక్కువ పొడుగవుతుంది. దాన్ని లేత్ మీద కోయిద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. మరలు సరిగ్గా పట్టక ఫిల్టర్ వదులైతే ఆయిలంతా రోడ్డు మీద పోవడానికి నిమిషం చాలు. అదే ఇంజన్, కూలర్ లేకుండా వచ్చిన మోడల్‌కు పొట్టి నిప్పల్ (అదే బోలు బోల్టు, పొట్టిది) ఉందని తెలిసి, హైదరాబాద్ ఆటోనగర్‌లో వెతికి తెచ్చుకున్నాను. బ్లాకు మీద ఫిల్టర్ రబ్బరు కూర్చునే చోటు నున్నగా ఉందో లేదో కూడా చూడాలి. కూలర్‌కు వచ్చే రెండు నీళ్ళ పైపులకు బోల్టులు కొట్టి మూసేయడం తప్పు. కొన్ని ఇంజన్లలో నీళ్ళు ఆ దారిలోనే ముందుకు పోయి తిరిగి రావాలి, మూస్తే ఎక్కడో ఒకచోట ఆగిపోతాయి. రెంటినీ కూలెంట్ రబ్బరు పైపుతోనే కలిపి క్లిప్పులు బిగించాలి.

మీది కూలర్, ఫిల్టర్ డబ్బా కలిసి ఒకే ముక్కగా బ్లాకు పక్కన బిగించిన రకమైతే ఈ మాటేదీ పనికిరాదు. దాంట్లో ఆయిల్, కూలర్ గుండా పోయాకే బేరింగులకు చేరుతుంది. రేకు ముక్క కోసి మూస్తే ఆ దారే బందవుతుంది. ఒక్కోసారి ఆ రకంలో కూలర్ బాగానే ఉండి కింది గాస్కెట్ ఒక్కటే పోతుంది, అది కొన్ని వందల పని.

జనవరి చివర్లో తీయించాను. ఫిబ్రవరి, మార్చి ఏ ఫికర్ లేదు. ఊర్లో తిరిగినా, హాలియా దాకా పోయొచ్చినా తేడా తెలియలేదు. "పాత బండ్లకు కూలర్లు ఉండెనా సార్, నడువలేదా?" అని ఉస్తాద్ అన్న మాట నిజమే అనుకున్నాను. ఏప్రిల్‌లో హైదరాబాద్ పోయి వస్తూ నార్కట్‌పల్లి దగ్గర ఆపి, చాంబర్ మీద వేడి కొలిచే లేజర్ గన్ పెట్టి చూస్తే 112 డిగ్రీలు చూపించింది. రేకు బయట అంత ఉంటే లోపలి ఆయిల్ ఇంకా ఎక్కువే. అయినా పట్టించుకోలేదు, మీటర్‌లో ముల్లు మధ్యలోనే ఉంది కదా!

ఆ ముల్లును నమ్మడమే నేను చేసిన పొరపాటు. అది చూపేది నీళ్ళ వేడి. ఆయిల్ వేడి చూపే మీటర్ మన బండ్లలో చాలావాటికి ఉండదు. మే నెలలో అయిదుగురం శ్రీశైలం పోయాం, దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా. తిరుగు ప్రయాణంలో డ్యాం దాటి ఈగలపెంట వైపు ఘాట్ ఎక్కుతున్నాం. ఏసీ ఆన్, రెండో గేరు, ముందు బస్సులు. దోమలపెంట దగ్గర బండ్లు ఆగాయి. ఐడిల్‌లో ఎర్రటి ఆయిల్ లైటు మిణుకుమంది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే ఆరిపోయింది, కాలు తీస్తే మళ్ళీ వచ్చింది. ముల్లు మాత్రం అప్పుడు కూడా మధ్యలోనే ఉంది. ఆ లైటు వెలిగేది, వేడికి ఆయిల్ పలచబడి ప్రెషర్ అర బార్ కింద పడ్డాకే, అంటే అది హెచ్చరిక కాదు, దాదాపు అయిపోయినట్టే లెక్క. పక్కకు పెట్టి ముప్పావుగంట కూర్చున్నాం. అడవి దారి, సాయంత్రం అవుతోంది, రాత్రి తొమ్మిదైతే గేట్లు మూస్తారు. ఇంట్లోవాళ్ళ ముఖాలు చూస్తే నాకు టెన్షన్ ఇంకా పెరిగింది. ఏసీ బంద్ చేసి, 40 దాటకుండా మన్ననూరు చేరాం.

ఉస్తాద్‌కు చెప్తే 20డబ్ల్యూ-50 ఆయిల్ పోద్దామన్నాడు. చిక్కటి ఆయిల్ పోస్తే లైటు రాదు, నిజమే. కానీ ఆయిల్ వేడి అట్లనే ఉంటుంది, నాకు కనబడకుండా పోతుంది అంతే. టర్బో డీజిల్‌లో ఆయిల్ పని జారుడు కోసమే కాదు. చాలావాటిలో పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మి చల్లబరుస్తారు, నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే టర్బో ఇరుసు ఆ ఆయిల్ మీదే తేలుతుంది. పాత టర్బో లేని ఇంజన్లకు అంత వేడి లేదు, అందుకే కూలర్ లేకున్నా నడిచాయి.

కాబట్టి మీకు నా సలహా: మీది టర్బో డీజిల్, మీరేమో హైవే మీద తిరుగుతామంటున్నారు, తీయించకండి. కొత్తది వచ్చేదాకా పది రోజులు ఊర్లో నడుపుకోవడానికైతే పొట్టి నిప్పల్‌తో బైపాస్ పర్వాలేదు. టర్బో లేని పెట్రోల్ బండి, బజారు దాకానే అంటే నేను అంత గట్టిగా వద్దనను. డబ్బుల ఇబ్బంది ఉంటే సెకండ్ హ్యాండ్ కూలర్ తీసుకోండి, కానీ వేడి నీళ్ళ పరీక్ష చేయించకుండా బిగించవద్దు.

జూన్‌లో కొత్తది పెట్టించాను. అదే హైదరాబాద్ దారి, అదే నార్కట్‌పల్లి, అదే గన్, ఈసారి 94. ఎండ కొంత తగ్గిన మాట నిజమే కానీ తేడా అంతా ఎండది కాదు.

కూలర్ తీసినా పెట్టినా, నీళ్ళలో కలిసిన ఆయిల్‌ను కడగడం పెద్ద పని. నీళ్ళ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ వాల్వ్‌ను ముందు తీసేసి, ఆ తర్వాత లోపల కడగండి, లేకపోతే ఇంజన్ లోపలి జిడ్డు అక్కడే ఉంటుంది. నురగ రాని, గిన్నెలు కడిగే మెషిన్‌లో వేసే పౌడర్ కలిపిన నీళ్ళు పోసి ఇంజన్ నడిపి, దింపి, మళ్ళీ పోసి, నాకు అయిదుసార్లు పట్టింది. రబ్బరు పైపులు కూడా మార్చండి. ఆయిల్ తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, పైకి మాత్రం బాగానే కనబడుతుంది. నేను కింది పైపు మార్చకుండా పదిహేను వందలు మిగిల్చుకున్నాననుకున్నాను. ఆగస్టులో చిట్యాల దగ్గర పగిలింది, బండి తోలుకుపోయిన క్రేన్‌కు మూడు వేలు ఇచ్చాను.