చెంప ఎముక విరిగితే ముక్కు చీదకండి

బైక్ మీంచి పడి చెంప ఎముక చిట్లింది, ముక్కు చీదగానే కన్ను ఉబ్బింది, ఎలర్జీయా అని అడిగారు. ఎలర్జీ కాదండి, గాలి. మా బావమరిదికి అచ్చం ఇదే అయింది.

మాది పర్లాకిమిడి. రాత్రి పాతపట్నం నుంచి వస్తూ గేదెని తప్పించబోయి పడ్డాడు. ఎక్స్‌రే తీసి, చిన్న క్రాకే అని మాత్రలిచ్చి పంపేశారు. మూడోనాడు జలుబు. ముక్కు దిబ్బడేసిందని గట్టిగా చీదాడు. వాళ్లావిడ టీ గ్లాసు కింద పెట్టి తలెత్తేసరికి ఎడమ కన్ను పూరీలా పొంగి మూసుకుపోయింది. "కందిరీగ గానీ కుట్టిందేటి?" అంటూ మా అత్త సున్నం తేబోయింది. నేను రెప్ప కింద వేలితో నొక్కి చూశాను. చిటచిటమంది, మురీల పొట్లం నలిపినట్టు. మామూలు వాపు చప్పుడు చెయ్యదు కదా! మెడ మీదా అదే చప్పుడు. అప్పుడు నాకు వణుకొచ్చింది.

విశాఖలో సీటీ తీస్తే కంటిగూట్లో గాలి, మెడలో గాలి, గుండె పక్కన కూడా కాస్త. చెంప లోపలి గాలి గదికి పైకప్పే కంటిగూటికి నేలట. అది చిట్లితే చీదిన గాలి సైకిల్ ట్యూబులోకి పోయినట్టు లోపలికే పోతుంది, వెనక్కి రాదు. మెడ పొరల సందుల్లోంచి ఛాతీకి దిగడం మాత్రం అరుదని డాక్టరమ్మ చెప్పింది. కోత లేదు, మూడు రోజులు కనిపెట్టి చూశారు. గాలి దానంతటదే ఇంకిపోయింది.

నా మంట వేరే. మొదటి ఆస్పత్రి కాగితం ఇంగ్లీషు, నర్సు మాట ఒడియా, మావాడు చదివింది తెలుగు ఏడో క్లాసు. 'చీదొద్దు' అన్న ముక్క మూడింట్లో దేన్లోనూ లేదు. 1936లో ఒడిశాలో కలిసిన ఊరు, ఇన్నేళ్లకీ రోగికి అర్థమయ్యేలా ఒక చీటీ రాసిచ్చే దిక్కు లేదు. సగం కేసులు ఇలా చెప్పకపోవడం వల్లే ముదురుతాయని నా గట్టి నమ్మకం.

మీరు ఇవాళే చూపించుకోండి. చూపు మసకేసినా, కన్ను రాయిలా బిగిసి ముందుకొచ్చినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా నిమిషం ఆగొద్దు. తుమ్మొస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మండి. విమానం ఎక్కాల్సుంటే డాక్టర్ని అడిగే ఎక్కండి. మావాడు ఇప్పటికీ ముక్కు చీదడు, తువ్వాలుతో ఒత్తుకుంటూ కూర్చుంటాడు.