అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక మాట

తమ్ముడూ, మారతహళ్లిలో కర్రీ పాయింట్ పెడుతున్నావు, సంతోషం. వాళ్ల నాన్నకు అడ్వాన్సు ఇచ్చి మీ ఊరి నుంచి పదహారేళ్ల కుర్రాణ్ణి తెచ్చుకుంటే జీతం కలిసొస్తుందని నీ లెక్క. బెంగళూరొచ్చిన కొత్తలో అందరం వేసే లెక్కే.

రూల్స్ నువ్వే చూసుకోగలవు. 14 నిండనివాళ్లను పెట్టుకోకూడదు. 14 నుంచి 18 లోపు వాళ్లను ప్రమాదం లేని పనికే పెట్టాలి. అదీ విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలు. రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా పని చెప్పకూడదు, ఓవర్‌టైమ్ కుదరదు. ఆఫీసుల జనం కూరలకు ఎగబడేదే ఏడు దాటాక. ఇంక నీకు కలిసొచ్చేదెక్కడ?

నా భయం మాత్రం అడ్వాన్సు గురించి. మొదట్లో నేనూ ఒక కుర్రాడి నాన్న చేతికి ముప్పై వేలిచ్చి, నెలనెలా జీతంలో పట్టుకుంటూ వచ్చాను. ఊళ్లో మామూలే కదా అనుకున్నా. వాడి చేతికి చాయ్ డబ్బులు కూడా మిగిలేవి కావు. మా దగ్గర భోంచేసే ఒక లాయరుగారు పప్పన్నం కలుపుకుంటూ చెప్పారు, అప్పు తీరేదాకా పని చేయించుకోవడం 1976 చట్టం ప్రకారం వెట్టిచాకిరీ అవుతుందని. పద్దెనిమిది నిండని పిల్లల రక్షణ కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టంలోనైతే వాళ్ల జీతం ఆపి ఉంచితే ఐదేళ్ల దాకా జైలు, లక్ష జరిమానా. ఆ రాత్రే మిగిలిన బాకీ కొట్టేశాను. ఉగాదికి ఊరెళ్లినవాడు మళ్లీ రాలేదు. డబ్బు పోయిందని మా ఆవిడ ఇప్పటికీ సాధిస్తుంది, ఇవాళ రెండు పాయింట్లు నడుపుతున్నా సరే.

కాబట్టి అడ్వాన్సు మాటే ఎత్తకు. జీతం వాడి పేరు మీదున్న ఖాతాలోనే వెయ్యి. పదేళ్లు దాటిన పిల్లలకు బ్యాంకులు సొంతంగా ఖాతా ఇస్తాయి. వాళ్ల నాన్నకు సాయం చేయాలనిపిస్తే విడిగా చెయ్యి, జీతానికి ముడిపెట్టకు. వయసు విషయంలో ఆధార్‌ను నమ్ముకోకు, టెన్త్ మెమో అడుగు. నూనె మూకుడు, గ్యాస్, గ్రైండర్ దగ్గరికి రానీయకు. పార్సిళ్లు కట్టడం, బిల్లు రాయడం చాలు. షాపులో పడుకోబెట్టకు. కన్నడ దానంతటదే వస్తుంది, దానికి టెన్షన్ వద్దు.

నన్నడిగితే, పద్దెనిమిది దాటినవాణ్ణి పెట్టుకో, జీతం కాస్త ఎక్కువైనా. కూరల రేట్లు కూడా అడిగావు. ముందు అక్కడ షాపు అద్దెలు కనుక్కుని రా, అప్పుడు మాట్లాడుకుందాం.