తుపాకీకి ఇనప్పెట్టె: కొనేముందు, బిగించేముందు

ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్న పాఠకులు ఈసారి ఎక్కువగా అడిగింది పెట్టె గురించే. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం. తుపాకీని ఎలా దాచాలో మీ లైసెన్సు షరతుల్లో ఉంటుంది. ముందు అది చదివి, తర్వాత పెట్టె సంగతి చూడండి.

ప్రశ్న: "ఫైర్‌ప్రూఫ్ గన్ సేఫ్" అని రాసి ఉన్న పెట్టె ఒకటి చూశాం. తలుపు ఆరంగుళాల మందం ఉంది, బరువూ బాగానే ఉంది. దొంగల భయం, నిప్పు భయం రెండూ తీరినట్టేనా?

అలా అనుకోకండి. దొంగను ఆపేది ఉక్కు. నిప్పును ఆపేది ఉక్కు వెనకున్న పొర. ఉక్కొక్కటే ఉంటే వేడి క్షణాల్లో లోపలికి దిగుతుంది. పొరొక్కటే ఉంటే గునపంతో పొడిస్తే రాలిపోతుంది. కాబట్టి రెండింటి గురించీ విడివిడిగా అడగాలి. బరువు చూసి మోసపోయేది కూడా ఇక్కడే.

ఒక లెక్క చూడండి. ఎత్తు 150, వెడల్పు 75, లోతు 60 సెంటీమీటర్ల పెట్టెకు ఆరు ముఖాలూ కలిపి దాదాపు 5 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు ఉక్కు రేకు మందం మిల్లీమీటరైతే బరువు 7.85 కిలోలు. అంటే 1.9 మిల్లీమీటర్ల రేకుతో చేసిన ఖాళీ డొల్ల సుమారు 75 కిలోలు, 3.4 మిల్లీమీటర్లతో చేసింది 133 కిలోలు తూగుతుంది. ఇక నిప్పు తట్టుకోవడానికి వేసే 16 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు ఒక్క పొరకే 50 కిలోల పైన ఉంటుంది. పల్చటి రేకు పెట్టెకు మూడు పొరల జిప్సం దట్టిస్తే మంచి ఉక్కు పెట్టెకన్నా బరువు తూగుతుంది. ఆరంగుళాల తలుపు రహస్యమూ ఇదే. ముందు ఒక రేకు, వెనక గడియల కోసం ఖాళీ, మిగతాది జిప్సం.

అందుకే రేకు మందాన్ని మిల్లీమీటర్లలో చెప్పమనండి. గేజ్‌లో చెబితే అంకె పెరిగేకొద్దీ రేకు పల్చబడుతుందని గుర్తుంచుకోండి. 14 గేజ్ అంటే 1.9, 12 అంటే 2.7, 10 అంటే 3.4, 7 అంటే 4.6 మిల్లీమీటర్లు సుమారుగా. మామూలు బీరువా రేకు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. చెప్పిన మాట మీద నమ్మకం లేకపోతే, నేలకు బిగించే రంధ్రం దగ్గర లోపలి గుడ్డ కాస్త పైకెత్తి కాలిపర్‌తో కొలవండి. మా మటుకు మేం 12 గేజ్ కన్నా పల్చని పెట్టెను సేఫ్ అనం, తాళమున్న బీరువా అంటాం. పిల్లల చేతికి తుపాకీ అందకుండా ఉండటానికి అదీ పనికొస్తుంది. గునపం పట్టుకొచ్చిన దొంగకు మాత్రం అడ్డు కాదు.

ప్రశ్న: లేబుల్ మీద ఆర్‌ఎస్‌సీ, టీఎల్, ఎస్1 అని ఏవేవో ఉంటాయి. వాటిలో ఏది చూడాలి?

ఆర్‌ఎస్‌సీ అనేది అమెరికా పరీక్షా సంస్థ యూఎల్ పెట్టిన 1037 ప్రమాణం కింద ఇళ్లలో వాడే పెట్టెలకిచ్చే గుర్తు. దాని మొదటి మెట్టులో ఒక మనిషి సుత్తి, స్క్రూడ్రైవర్, పొట్టి గునపంలాంటి చేతి పనిముట్లతో 5 నిమిషాలు ప్రయత్నించినా పెట్టె తెరుచుకోకూడదు. ఆ అయిదు నిమిషాలు పనిముట్టు పెట్టెకు తగిలినంతసేపే లెక్క, మధ్యలో ఊపిరి పీల్చుకున్న సమయం లెక్కలోకి రాదు. టీఎల్-15 అయితే కరెంటు డ్రిల్లులతో 15 నిమిషాలు. టీఎల్-30కి కోత చక్రాలు, కరెంటు రంపాలు కూడా తోడవుతాయి, సమయం 30 నిమిషాలు. యూరప్ ప్రమాణాల్లో ఈఎన్ 14450 కింద ఎస్1, ఎస్2 తేలిక రకాలు. ఈఎన్ 1143-1 కింద 0, 1, 2 అంటూ పైకి వెళ్లే గ్రేడులు అసలు సేఫులవి.

చాలా ఇళ్లకు ఆర్‌ఎస్‌సీ లేదా ఎస్2 స్థాయి పెట్టెను గట్టిగా నేలకు బిగించి, దానికి తోడు అలారం పెట్టుకుంటే చాలు. బ్యాటరీ గ్రైండర్ ముందు 3 మిల్లీమీటర్ల రేకు ఎక్కువసేపు నిలవదు. పెట్టె ఇచ్చేది వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో ఎవరో ఒకరు రావాలంటే అలారం మోగాలి.

గడియలు ఎన్నున్నాయో లెక్కపెట్టి మురిసిపోకండి. ఇరవై గడియలున్నా అవి ఆనుకునే చట్రం పల్చటిదైతే గునపం పెట్టి తిప్పగానే చట్రమే వంగుతుంది. తలుపు మూసి గడియ వేసి అంచు పట్టుకుని ఊపి చూడండి. తలుపుకు, చట్రానికి మధ్య సందు ఎంత తక్కువుంటే అంత మంచిది. బందులు బయటికి కనిపించినా బెంగ లేదు, తలుపు ఆ వైపున చట్రం లోపలికి దూరే కడ్డీ ఉంటే చాలు. బందులు కోసేసినా తలుపు ఊడిరాదు. తాళం వెనక గట్టి ఉక్కు పలక, డ్రిల్లు తగిలితే అదనపు గడియ పడే రీలాకర్ ఉన్నాయో లేదో అడగండి.

ప్రశ్న: "650 డిగ్రీల్లో 60 నిమిషాలు" అని ఒక పెట్టె మీద, "క్లాస్ 350, 1 గంట" అని ఇంకోదాని మీద ఉంది. రెండూ ఒకటేనా?

కాదు. మొదటి దానిలో అసలు సంగతి లేదు. బయట 650 డిగ్రీలున్నప్పుడు లోపల ఎంతుంది? ఎక్కడ కొలిచారు? పెట్టె లోపల పైభాగం అన్నిటికన్నా ముందు వేడెక్కుతుంది. అడుగున కొలిచిన అంకె అందంగానే ఉంటుంది.

రెండోది యూఎల్ 72 పరీక్ష. అందులో కొలిమి వేడి నిలకడగా ఉండదు, ఇల్లు తగలబడినట్టే పెరుగుతూ పోతుంది. 5 నిమిషాలకు 538 డిగ్రీల సెల్సియస్, అరగంటకు 843, గంటకు 927, రెండు గంటలకు 1010. అప్పటిదాకా పెట్టె లోపల 177 డిగ్రీలు దాటకూడదు. 350 అనేది ఆ హద్దుకు ఫారెన్‌హీట్ లెక్క. కొలిమి ఆర్పేశాక కూడా పెట్టెను అందులోనే చల్లారనిస్తూ లోపలి వేడి చూస్తారు. మంట ఆరాక కూడా బయటి గోడల్లో నిలిచిన వేడి చాలాసేపు లోపలికి దిగుతూనే ఉంటుంది కాబట్టి ఆ షరతు ముఖ్యం.

177 డిగ్రీలకు కాగితం నల్లబడదు, ఉక్కు భాగాలకు ఏమీ కాదు. కానీ తుపాకీ మీద బిగించే టెలిస్కోపు సీళ్లు, బ్యాటరీలు, పెన్‌డ్రైవ్‌లు ఆ వేడికి ఆగవు. డిజిటల్ సరుకుకు క్లాస్ 125 వేరే ఉంది. దాని హద్దు 52 డిగ్రీలే. లైసెన్సు కాగితాల స్కాన్లు పెన్‌డ్రైవ్‌లో వేసి తుపాకీ పెట్టెలో దాస్తే నిప్పు నుంచి కాపాడినట్టు కాదు.

తలుపు అంచు చుట్టూ వేడికి ఉబ్బే సీల్ పట్టీ ఉందో లేదో చూడండి. మూల దగ్గర పట్టీ తెగి ఖాళీ ఉంటే వేడి పొగ అక్కడి నుంచే దూరుతుంది. లోపల జిప్సం బోర్డు ముక్కలు మూలల్లో కలుస్తున్నాయా, మధ్యలో సందులున్నాయా అన్నది కూడా అంతే ముఖ్యం.

ప్రశ్న: పెట్టె కొత్తదే, వాన నీరు తగల్లేదు. అయినా ఆరు నెలల్లో బ్యారెల్ మీద తుప్పు మచ్చలొచ్చాయి. ఎందుకు?

నిప్పును ఆపే జిప్సంలో బరువులో అయిదో వంతు నీరే. అది అణువుల్లో బంధమై ఉంటుంది, మంట తగిలి 100 డిగ్రీలు దాటాక ఆవిరై వేడిని మింగేస్తుంది. పైన లెక్క వేసిన పెట్టెలో ఒక్క పొరలోనే పది లీటర్ల దాకా నీరుంటుందన్నమాట. మామూలు రోజుల్లో ఆ నీరు బయటికి రాదు. కాకపోతే బోర్డు గాలిలోని చెమ్మను కూడా పీలుస్తుంది, వదులుతుంది. తలుపు సీల్ బిగుతుగా ఉంటే ఆ చెమ్మకు దారి లేదు. రాత్రి పెట్టె చల్లబడినప్పుడు అది ఉక్కు మీద పేరుకుంటుంది.

లోపల ఒక చిన్న తేమ మీటరు పెట్టండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. 60 దాటి నిలిచిందంటే తుప్పు మొదలవుతుంది. మరీ 30 కిందికి దిగితే చెక్క బట్టు ఎండి బీటలు వారుతుంది. సిలికా జెల్ సంచులు పనిచేస్తాయి కానీ ఒకసారి పెట్టి మర్చిపోతే లాభం లేదు. రంగు మారగానే సుమారు 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఆరబెట్టి మళ్లీ పెట్టాలి. కరెంటు కడ్డీ హీటర్ అయితే అడుగున, అడ్డంగా పెట్టాలి. అది చెమ్మను తీసేయదు, లోపలి గాలిని కాస్త వెచ్చగా ఉంచి ఉక్కు మీద పేరుకోనివ్వదు. పెట్టె దాదాపు ఎప్పుడూ మూసే ఉంటుందంటే ఈ రెండూ కలిపి వాడండి.

తుపాకీని ఫోమ్ పెట్టెలోనో తోలు ఒరలోనో ఉంచి సేఫులో పెట్టకండి. రెండూ చెమ్మను పట్టుకుని ఉక్కుకు అద్దుతాయి. మచ్చలు సాధారణంగా ఒర తగిలిన చోటే వస్తాయి. చేతి చెమటలో ఉప్పుంటుంది కాబట్టి లోపల పెట్టేముందు పల్చగా నూనె రాసిన గుడ్డతో తుడవండి. పెట్టెను నేరుగా నేల మీద కాకుండా సెంటీమీటరు ఎత్తున గట్టి పలకల మీద నిలపండి. ఆ సందులో గునపం దూరకుండా ముందువైపు మూసేయడం మర్చిపోకండి.

ప్రశ్న: 300 కిలోల పెట్టె. ఎవరెత్తుకెళ్తారు? బిగించడం అవసరమా?

అవసరం. చక్రాల బండి ఉంటే ఇద్దరు మనుషులు చాలు. పైగా నిలబడి ఉన్న పెట్టెను గునపంతో తెరవడం కష్టం, వెల్లకిలా పడేస్తే అదే తలుపు మీద ఒళ్లంతా మోపి ఒత్తవచ్చు. బిగించడం దొంగతనం కోసమే కాదు. బరువైన తలుపు పూర్తిగా తెరిచి పిల్లవాడు దానికి వేలాడితే పెట్టె ముందుకు ఒరిగే ప్రమాదముంది. ఈఎన్ 1143-1 ప్రమాణమైతే వెయ్యి కిలోల లోపు పెట్టెకు బిగించే ఏర్పాటు ఉండి తీరాలంటుంది.

పద్ధతి ఇది. పెట్టెను గది మూలన నిలపండి. తలుపు తెరుచుకునే వైపు గోడకు దగ్గరగా ఉంటే గునపం తిప్పడానికి చోటుండదు, కాకపోతే తలుపు పూర్తిగా తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోండి. తయారీదారు ఇచ్చిన నాలుగు రంధ్రాల్లోంచే నేలను గుర్తుపెట్టి, పెట్టె పక్కకు జరిపి, ఎం12 (12 మిల్లీమీటర్ల) యాంకర్ బోల్టులకు సరిపడా, ప్యాకెట్ మీద రాసిన లోతుకు ఇంకో సెంటీమీటరు కలిపి కాంక్రీటులో రంధ్రాలు వేయండి. ఎక్కువ మంది తప్పు చేసేది దీని తర్వాతే. రంధ్రంలో పొడి ఊది, బ్రష్‌తో తుడిచి, మళ్లీ ఊదాలి. పొడి మిగిలితే యాంకర్ రంధ్రం అంచుల్ని పట్టదు, నట్టు బిగిస్తుంటే బోల్టే పైకి లేచొస్తుంది. నట్టు కింద వెడల్పాటి వాషర్ వేసి, బోల్టు చుట్టూ మిగిలిన సందును అగ్నినిరోధక సీలెంటుతో నింపండి. లేకపోతే మీరు వేసిన రంధ్రమే వేడికి దారవుతుంది. టైల్స్ మీద వేస్తుంటే ముందు టైలును టైలు బిట్‌తో తొలవండి, హ్యామర్ పెట్టొద్దు. నేల కింద కాంక్రీటును బిగించి పట్టే ఉక్కు తీగలో వేడినీటి గొట్టాలో ఉన్నాయేమో తెలుసుకోకుండా డ్రిల్లు ఎత్తకండి. పెట్టెకు కొత్త రంధ్రాలు మీరు వేయొద్దు.

మేడ మీద పెట్టాలనుకుంటే బరువు లెక్క వేయండి. ఇళ్ల అంతస్తులు చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల వాడుక బరువుకు కట్టినవి. 300 కిలోల పెట్టె 0.45 చదరపు మీటర్ల మీద నిలబడితే ఆ చోట చదరపు మీటరుకు 660 కిలోల పైన పడుతుంది. బీము మీద, గోడ పక్కన ఉంటే చాలాసార్లు సరిపోతుంది. గది మధ్యలో అయితే ఇంజినీరును అడగాల్సిందే. కింది అంతస్తే మేలు. అగ్నిప్రమాదంలో పై అంతస్తు కూలితే పెట్టె కూడా దానితో పడుతుంది.

ప్రశ్న: డయల్ తాళమా, అంకెల ప్యాడా, వేలిముద్రా?

పెద్ద పెట్టెకు మంచి అంకెల ప్యాడ్ లేదా డయల్. డయల్ నెమ్మది, కానీ బ్యాటరీ బెడద లేదు. ప్యాడ్‌కు 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ బయటి నుంచే మార్చుకునేలా ఉండాలి, ఏడాదికోసారి మార్చేయండి. చవక ప్యాడ్లలో సోలెనాయిడ్ గడియ, అంటే కరెంటు అయస్కాంతంతో కదిలే గడియ ఉంటుంది. పెట్టె నెత్తిన గుద్దుతూ పిడి తిప్పితే కొన్ని తెరుచుకుంటాయి. వేలిముద్ర ఒక్కటే దిక్కైతే వద్దు. తడి, నూనె, కోసుకున్న వేలు దానికి పడవు. ఫ్యాక్టరీ కోడ్ మొదటి రోజే మార్చండి. మార్చాక తలుపు తెరిచి ఉంచే మూడుసార్లు పరీక్షించండి. అత్యవసర తాళంచెవి అదే ఇంట్లో బట్టల కింద దాస్తే తాళం లేనట్టే.

ప్రశ్న: "24 తుపాకుల పెట్టె" కొన్నాం. పన్నెండు పెట్టేసరికే నిండిపోయింది.

ఆ లెక్క టెలిస్కోపు లేని సన్నటి తుపాకులది. టెలిస్కోపులుంటే సగమే పడతాయి. మీ దగ్గరున్నవాటికి రెట్టింపు అంకె చూసి కొనండి. పొడవాటి షాట్‌గన్ నిలువునా పడుతుందా అని లోపలి ఎత్తు కొలవండి. బయటి కొలతల్లో పొరల మందం కలిసి ఉంటుంది.

ప్రశ్న: తూటాలు కూడా అందులోనే ఉంచవచ్చా?

విడిగా, వేరే తాళంతో ఉంచండి. మంటల్లో పడ్డ విడి తూటా పగులుతుంది. బ్యారెల్ ఆధారం లేక దాని ముక్కలకు తుపాకీలోంచి వెళ్లినంత వేగం రాదు. తుపాకీ ఛాంబర్‌లో, అంటే కాల్చేముందు తూటా కూర్చునే గదిలో, ఉండిపోయిన తూటా మాత్రం వేడికి తనంతట తానే పేలి మామూలు బుల్లెట్‌లాగే దూసుకొస్తుంది. అందుకే పెట్టెలో పెట్టే ప్రతిసారీ ఛాంబర్ తెరిచి కంటితో చూసి, వేలితో తడిమి పెట్టండి. విడి మందుగుండు పొడిని బిగుతైన ఉక్కు పెట్టెలో ఎప్పుడూ పెట్టకూడదు. బయట అది కాలిపోతుంది, బంధిస్తే ఒత్తిడి పెరిగి పెట్టెనే బాంబు చేస్తుంది.

ప్రశ్న: అగ్నిప్రమాదం జరిగింది. పెట్టె చెక్కు చెదరలేదు. ఎప్పుడు తెరవాలి?

బయటి రేకు చేత్తో తాకి చల్లగా ఉందనిపించేదాకా ఆగండి. లోపల కాగితాలు రగులుతుంటే తలుపు తెరవగానే గాలి తగిలి భగ్గుమంటాయి. చల్లారాక మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం వద్దు. జిప్సం వదిలిన ఆవిరి లోపలే నీరై తుపాకుల మీద ఉంటుంది. కాలిన ప్లాస్టిక్ పొగలోని ఆమ్లం దానికి తోడైతే గంటల్లో తుప్పు పడుతుంది. తీసి, విప్పి, తుడిచి, నూనె రాయండి. స్ప్రింగులు, ఛాంబర్ భాగాలు తెలిసిన తుపాకీ మెకానిక్ చూసేదాకా కాల్చకండి. ఆ పెట్టెను మళ్లీ వాడొద్దు. తలుపు బాగానే మూసుకోవచ్చు, తాళం కూడా తిరగవచ్చు. కానీ గోడల్లోని నీరు అయిపోయింది, ఇంకోసారి మంట వస్తే మింగడానికి అందులో ఏమీ లేదు.