ఓకే నొక్కేముందు వార్నింగ్‌లోని ఆ నాలుగు లైన్లు చదవండి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. బీకాం కంప్యూటర్స్ చదివి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రిపోర్టుల పని చేస్తున్నాను. కాటా దగ్గరి ఎంట్రీలు ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లోకి వెళ్తాయి. వాటితో పవర్ బీఐ అనే రిపోర్టుల సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు తయారు చేసి రోజూ పదింటికల్లా మేనేజర్ గారికి ఇవ్వాలి. కొన్ని రోజులు రిఫ్రెష్ కొడితే సర్వర్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. అకౌంట్స్ సార్ సర్వర్ కొత్త ఐపీ నంబరు, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రసు, చెప్తారు. అది వేస్తే, ఎన్‌క్రిప్టెడ్ (డేటాకి తాళం వేసే) కనెక్షన్ కుదరలేదు, అది లేకుండా వెళ్లాలంటే ఓకే నొక్కమని ఇంకో వార్నింగ్. నొక్కేస్తాను, రిపోర్టు వచ్చేస్తుంది. కానీ రోజూ టెన్షనే. కామర్స్ చదివినదాన్ని, ఇవన్నీ సాఫ్ట్‌వేర్ వాళ్ల పనులు కదా? నాన్న బ్యాంకు కోచింగ్‌కి తిరుపతి వెళ్లమంటున్నారు. స్నేహితురాలు బెంగళూరులో డేటా అనలిస్టు కోర్సు చేద్దామంటోంది. ఏం చేయమంటారు సార్?

జవాబు: ఈ మామిడి సీజన్ అయిపోయేదాకా ఉద్యోగం మానకండమ్మా. కోర్సు సంగతి తర్వాత చూద్దాం. మీరు టెన్షన్ పడుతున్న ఆ పనిలోనే మీకు కావలసిన చదువు ఉంది.

ముందు మీ సమస్య చూద్దాం. సర్వర్ దొరకకపోవడం, వార్నింగ్ రావడం అని మీరు రెండు తలనొప్పులు రాశారు. నాకు ఒకటే కనిపిస్తోంది. మీ సర్వర్ మామూలు కంప్యూటరే అయి, దానికి ఐపీ నంబరును రౌటర్ ఇస్తూ ఉంటే, కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ నంబరు మారిపోవచ్చు. రిపోర్టు మాత్రం పాత నంబరు దగ్గరికే వెళ్లి తలుపు తడుతుంది. మీరు కొత్త నంబరు వేయగానే పవర్ బీఐకి అది కొత్త సర్వర్ కింద లెక్క. పాతదానికి మీరు ఇచ్చిన పాస్‌వర్డు గానీ, నొక్కిన ఓకే గానీ దీనికి వర్తించవు. అందుకే మళ్లీ అడుగుతుంది. కరెంటు పోయిన మర్నాడే ఎక్కువగా వస్తోందా? ఒకసారి గుర్తు చేసుకోండి.

నిజంగా అదే కారణమైతే మందు చిన్నదే. సర్వర్‌కి ఐపీ నంబరు మారకుండా రౌటర్‌లో కట్టేయమని మీ ఫ్యాక్టరీకి వచ్చే కంప్యూటర్ అతన్ని అడగండి. రిపోర్టులో నంబరు బదులు ఆ కంప్యూటర్ పేరు వాడినా చాలాసార్లు సరిపోతుంది. సర్వర్ పేరును పవర్ బీఐలో ఒక పారామీటర్‌గా, అంటే విడిగా ఒక పేరు పెట్టి దాచుకునే విలువగా, పెట్టుకుంటే, మార్చాల్సి వచ్చినా ఒక్కచోట మారిస్తే చాలు.

ఇక ఆ ఎన్‌క్రిప్షన్ వార్నింగ్. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి సరైన సర్టిఫికెట్, అంటే తానెవరో చెప్పే గుర్తింపు పత్రం, పెట్టకపోతే అది తనకు తానే ఒకటి తయారు చేసుకుంటుంది. మన ఇంటి అడ్రసుకి మనమే సంతకం పెట్టుకున్నట్టు. మీ కంప్యూటర్ దాన్ని నమ్మదు, అందుకే ఆగి మిమ్మల్ని అడుగుతుంది. ఓకే అంటే డేటా తాళం లేకుండా వెళ్తుంది. ఫ్యాక్టరీ లోపలి నెట్‌వర్క్‌లో ఇది పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. కానీ ఆ నిర్ణయం మీది కాదు. మేనేజర్ గారికి చెప్పండి, సర్వర్ చూసే అతను సర్టిఫికెట్ సంగతి చూసుకుంటాడు. మీరు ఆయనకు చెప్పారనడానికి రుజువుగా ఒక మెయిల్ ఉండాలి, అంతే.

దీనికంటే నాకు భయం వేసేది ఇంకొకటి ఉంది. డేటాను లోపలికి తెచ్చుకునే పద్ధతిలో చేసిన రిపోర్టయితే, రిఫ్రెష్ ఫెయిలైనా పేజీ ఖాళీ కాదు. నిన్నటి అంకెలు అలాగే నిలబడి ఉంటాయి. తోతాపురి సీజన్‌లో ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు రాత్రంతా క్యూలో ఉండటం మీరు రోజూ చూస్తూనే ఉంటారు. ఆ టన్నులన్నీ ఒక్కో రైతువి. నిన్నటి అంకె చూసి ఈ రోజు కొనుగోలు ఆపితే నష్టపోయేది వాళ్లు. అందుకని రిపోర్టు పైన, ఎవరికైనా కనబడేలా, చివరిసారి ఎప్పుడు రిఫ్రెష్ అయిందో తేదీ, టైము పెట్టండి. ఈ వారమే పెట్టండి.

రేణిగుంట వైపు ఒక చిన్న కంపెనీలో పనిచేసే కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. వారం రోజులుగా రిపోర్టు రావడం లేదు, అందరూ నెట్‌వర్క్‌నే తిడుతున్నారు. ఫోన్లో ఫొటో చూపించాడు. వార్నింగ్ కింది సగం కత్తిరించి ఉంది. పూర్తి ఫొటో తెప్పించి చూస్తే అడుగున 18456 అని నంబరు. లాగిన్ ఫెయిలైందని దానర్థం. అంటే సర్వర్ దాకా వెళ్తున్నాడు, లోపలికి రానివ్వడం లేదు. సర్వర్‌లో పాస్‌వర్డు మార్చేశారు, రిపోర్టులో పాతదే ఉండిపోయింది. ఆ నంబరు మొదటి రోజు నుంచీ స్క్రీన్ మీదే ఉంది. ఆ పిల్లాడి ముఖం నాకిప్పటికీ గుర్తే.

కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎర్రర్ వచ్చిన తేదీ, టైము, అందులోని మాటలు ఉన్నవి ఉన్నట్టు, నంబరు, అంతకుముందు ఏం మారింది, ఏం చేస్తే పోయింది. ఎర్రర్ 26 అని ఉంటే సర్వర్‌నో, మీరు ఇచ్చిన ఇన్‌స్టెన్స్ (ఆ కంప్యూటర్‌లో నడిచే ఒక్కో ఎస్‌క్యూఎల్ సర్వర్) పేరునో కనిపెట్టలేకపోయిందని. పేరు తప్పా, సర్వర్ ఆగిందా, ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ కాపలా సాఫ్ట్‌వేర్) అడ్డమా అన్నది వరసగా చూడాలి. సర్వర్‌కి పింగ్ కొట్టండి, అంటే ఉన్నావా అని అడిగి జవాబు వస్తుందేమో చూడండి. జవాబు రాకపోయినంత మాత్రాన సర్వర్ లేదనుకోకండి, ఫైర్‌వాల్ పింగ్‌ని ఆపేస్తూ ఉండొచ్చు. తర్వాత పోర్టు (సర్వర్‌లోకి వెళ్లే తలుపు నంబరు) తెరిచి ఉందో చూడండి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి మామూలుగా 1433. ఇంకో కిటుకు: డెస్క్‌టాప్ మీద ఖాళీ నోట్‌ప్యాడ్ ఫైలు చేసి, పేరు చివర టీఎక్స్‌టీ తీసేసి యూడీఎల్ అని పెట్టండి. డబుల్ క్లిక్ చేస్తే కనెక్షన్ పరీక్షించే కిటికీ తెరుచుకుంటుంది. అక్కడ కనెక్ట్ అయిందంటే సర్వర్ బాగానే ఉంది, తేడా రిపోర్టులో ఉంది. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సింది సగానికి తగ్గుతుంది. సర్వర్‌లో మాత్రం అనుమతి లేకుండా ఏ సెట్టింగూ మార్చకండి.

కామర్స్ చదివానని తక్కువ చేసుకోవద్దు. రిపోర్టు మొత్తం కాటా చీటీల మొత్తానికి సరిపోకపోతే ఎక్కడ తేడా వచ్చిందో వెతకడం మీకు చదువులోనే వచ్చింది. దానికి ఎస్‌క్యూఎల్ కలపండి. సెలెక్ట్ (డేటా తీయడం), జాయిన్ (పట్టికలు కలపడం), గ్రూప్ బై (గుంపులుగా కూడటం) ఈ మూడూ చేతికి వచ్చేదాకా రోజూ ఒక గంట. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఉచితం, పవర్ బీఐ డెస్క్‌టాప్ కూడా ఉచితమే. బెంగళూరు కోర్సు చెడ్డదని అనను. కానీ ఇంటర్వ్యూలో నువ్వు పరిష్కరించిన సమస్య ఒకటి చెప్పు అంటే, కోర్సు నుంచి నేరుగా వచ్చినవాళ్లు తరగతిలో చేసిన డాష్‌బోర్డే చూపిస్తారు. మీ దగ్గర నోట్‌బుక్ ఉంటుంది.

బ్యాంకు సంగతి నాన్నగారితో నిదానంగా మాట్లాడండి. ఆయన అడుగుతున్నది స్థిరమైన జీతం, అది న్యాయమే. మీకు బ్యాంకు పని మీద నిజంగా మనసుంటే వెళ్లండి, ఈ వార్నింగులకు భయపడి మాత్రం వెళ్లకండి. ఆర్నెల్లు గడువు అడగండి. ఆయన్ని ఒక రోజు పక్కన కూర్చోబెట్టుకుని రిపోర్టు చూపించండి. మామిడి పండించే ఊరి మనిషి కదా, టన్నుల లెక్క మీకంటే ముందే పట్టుకుంటారు.

నెల తర్వాత నోట్‌బుక్‌లో రాసినవి నాకు పంపండి, కలిసి చూద్దాం. పాస్‌వర్డు, సర్వర్ పేరు మాత్రం కొట్టేసి పంపండి.